గుడ్డులోనే పురుగుకు గండం

కోటప్పకొండ మీద కాకి వాలదంటారు. గొల్లభామ ఆనందవల్లి శాపమని అక్కడి కథ. త్రికూటేశ్వరుణ్ని చూసి కొండ దిగితే, నరసరావుపేట చుట్టుపక్కలంతా పత్తి, మిరప పండించే నేల. ఈ చేలకు పనికొచ్చే జీవి ఒకటుంది. దాని కథ ఎవరూ చెప్పుకోరు. అర మిల్లీమీటరు కూడా ఉండీ ఉండని కందిరీగ అది, పేరు ట్రైకోగ్రామా.

కందిరీగంటే కుడుతుందని భయం. ఇది మనిషి జోలికే రాదు. ఆడది శనగపచ్చ పురుగు గుడ్డును వెతికి పట్టుకుని, తన గుడ్డును అందులోకి దించుతుంది. లోపలి పిల్ల ఆ సొననే తిని పెరుగుతుంది. నాలుగో రోజుకల్లా గుడ్డు నల్లబడుతుంది. ఎనిమిది, పది రోజులకు పురుగు రావలసిన చోటి నుంచి కందిరీగ వస్తుంది. వ్యవసాయ శాఖ వాళ్లు ఇలాంటివాటిని బదనికలంటారు. ట్రైకోగ్రామా కుటుంబంలోదే మెగాఫ్రాగ్మా అయితే మరీ విడ్డూరం. పొడవు మిల్లీమీటరులో అయిదో వంతు. దాని నాడీకణాలు దాదాపు 7,400 అనీ, వాటిలో చాలావాటికి కేంద్రకమే లేదనీ రష్యా శాస్త్రవేత్త అలెక్సీ పోలిలోవ్ 2012లో తేల్చారు. అయినా ఎగురుతుంది, గుడ్డును వెతుక్కుంటుంది!

గుడ్డు దగ్గరే పురుగును ఆపడం ఎంత అవసరమో ఈ ప్రాంతానికి తెలుసు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎన్నిసార్లు మందు కొట్టినా పురుగు ఆగలేదు. అప్పుల పాలైన పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2002లో బీటీ పత్తి వచ్చాక శనగపచ్చ పురుగు బెడద తగ్గింది కానీ, తర్వాత గులాబి రంగు పురుగు ఆ విత్తనానికీ లొంగకుండా పోయింది. గుడ్డు పగలగానే దాని పిల్ల మొగ్గలోకో కాయలోకో దూరుతుంది. ఆ తర్వాత ఎంత ఖరీదైన మందైనా పైపైనే.

ప్రయోగశాలలో నిల్వ ధాన్యపు పురుగు గుడ్లను అట్టకు అంటించి, వాటిలో ఈ కందిరీగల్ని పెంచుతారు. అదే ట్రైకోకార్డు. ఒక్కోదాని మీద సుమారు 20,000 గుడ్లు. పత్తికి ఒక్కో విడతకు ఎకరాకు మూడు కార్డులు చాలు. ముక్కలు చేసి, సాయంత్రం పూట ఆకుల అడుగున పిన్ను కొట్టాలి.

మరి ఈ కార్డు వాడకం ఎందుకు పాకలేదు? రైతుకు తెలియకనే అంటే నేనొప్పుకోను. పురుగుమందు ఊళ్లోనే అప్పుకు దొరుకుతుంది. కార్డుకు అప్పిచ్చే కొట్టేది? పైగా ఇది ప్రాణమున్న సరుకు. రెండు రోజులు ఆలస్యమైతే కందిరీగలు పొట్లంలోనే పుట్టి పొట్లంలోనే చస్తాయి. సమయానికి చేను చేర్చే బాధ్యత ప్రభుత్వం తీసుకోనిదే ఇది పాఠాల్లోనే ఉండిపోతుంది.

కార్డు కొనేటప్పుడు కందిరీగలు బయటికొచ్చే తేదీ అడగండి. పిన్ను కొట్టాక వారం పది రోజులు మందు కొట్టే పంపు దించి ఉంచండి. పక్క చేనివాళ్లకూ ఓ మాట చెప్పండి, వాళ్లు కొట్టే మందుకు మీ కందిరీగలూ చస్తాయి.