ఒకే స్థితిలో రెండు ఎలెక్ట్రానులు ఏల ఉండవు?

రాయి మీద రాయి పెట్టినచో పైరాయి పైననే నిలుచును, క్రిందిరాయిలోనికి దిగిపోదు. ధవళేశ్వరమున 1852లో ముగిసిన కాటను దొర ఆనకట్ట ఈ నమ్మకము మీదనే కట్టబడినది. ఇందులో వింత యేమని తోచవచ్చును. కాని రాతిలోని పరమాణువులు ఎంతో బోలు. ఒక పరమాణువును రాజమహేంద్రవరము నుండి కొవ్వూరు వరకు, అనగా గోదావరి వెడల్పంత, ఇంచుమించు 3 కిలోమీటర్ల మేర పెంచితిమనుకొందము. అప్పుడు దాని నడుమనున్న కేంద్రకము కోనసీమ కొబ్బరికాయంత యుండును. తక్కిన చోటెల్ల ఎలెక్ట్రానులదే. వాని బరువు అత్యల్పము. ఇట్టి పదార్థము తనలో తాను ఏల కూలిపోకున్నది? ఆ సంగతినే ఇచ్చట వివరింపదలచితిమి.

విద్యుదాకర్షణ వికర్షణములే కారణమనుట చాలదు. అసలు కట్టుబాటును 1925లో ఉల్ఫ్‌గాంగ్ పౌలి కనుగొనెను: ఒకే స్థితిలో రెండు ఎలెక్ట్రానులు ఉండజాలవు. స్థితి యనగా కేవలము చోటు కాదు. శక్తి, చలనము, స్పిన్ అను సహజ భ్రమణపు దిశ, ఇవన్నియు కలిసినదే స్థితి.

ఈ నిషేధమునకు మూలము ఎలెక్ట్రానుల పోలిక. ఒకే అచ్చున పోసిన రెండు ఇత్తడి చెంబులకైనను ఎచ్చటనో ఒక గీత, ఒక సొట్ట తేడాగా నుండును. ఎలెక్ట్రానులకు అట్టి గుర్తులేవియు లేవు. రెండింటిని తారుమారు చేసినను ఎవ్వరును కనిపెట్టలేరు. క్వాంటం శాస్త్రమున ప్రతి అమరికకును ఒక సంఖ్య కలదు. దాని వర్గము ఆ అమరిక సంభవించు అవకాశమును తెలుపును. తారుమారు వలన అవకాశము మారరాదు గనుక వర్గము మారదు. కాని సంఖ్య ధనము ఋణము కావచ్చును: 5 వర్గమును, ఋణ 5 వర్గమును 25 యే గదా! ఎలెక్ట్రానుల విషయమున ఇట్లు మారుటయే ప్రకృతి నియమము. ఇక రెండును ఒకే స్థితిలో నున్నవనుకొందము. తారుమారు చేసినను అమరిక అదియే. కావున సంఖ్య మారరాదు. నియమము ననుసరించి అది ఋణము కావలెను. తన ఋణమునకు తానే సమానమగు సంఖ్య సున్న యొక్కటే. అవకాశము సున్న, అనగా అట్టి అమరిక లేదు.

అందుచేత హీలియములోని 2 ఎలెక్ట్రానులు ఎదురెదురు స్పిన్‌లతో మొదటి అంతస్తున సర్దుకొనును. లిథియములోని మూడవది పై అంతస్తునకు పోవలెను. సోడియములోని 11 ఎలెక్ట్రానులు 2, 8, 1 గా అమరును. ఆ చివరి ఒంటరిదానిని క్లోరిను పరమాణువు గైకొనుటచేతనే మన వంటింటి ఉప్పు ఏర్పడుచున్నది. పదార్థము నిలుకడకు ఈ నిషేధమే ఆధారమని 1967లో డైసన్, లెనార్డ్ గణితముతో నిరూపించిరి.

అన్ని కణములకును ఈ నిషేధము లేదు. స్పిన్ విలువ 1/2 గా గల ఎలెక్ట్రాను వంటి వానికి కలదు; పూర్ణసంఖ్యగా గలవానికి లేదు. ఈ సంబంధమును 1940లో పౌలియే నిరూపించెను. వెలుగు కణమగు ఫోటాను స్పిన్ 1 అని 1931లో ప్రయోగముతో చూపినవారు సి. వి. రామన్, నాటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించిన సూరి భగవంతం. పిదప భగవంతము గారు వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్యులైరి.

రేడియో తరంగము కూడ ఫోటానుల గుంపే. అవి కోట్లకొలదిగా ఒకే స్థితిలో చేరగలుగుటచేతనే మా మాట తరంగమై మీ యింటికి వచ్చుచున్నది. దాని నందుకొను తీగెయు, పెట్టెయు మాత్రము ఒకదానికొకటి చోటీయని ఎలెక్ట్రానుల కట్టడములు.