ఇద్దరికి కాశీ ప్రయాణము: మితవ్యయముతో రైలు టిక్కెట్టు సంపాదించు విధము

1830 మే మాసమున చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మరల స్వస్థలము చేరుకొనునప్పటికి 1831 సెప్టెంబరు వచ్చినది. నేడు బెజవాడలో రాత్రి బండి యెక్కినవాడు మూడవనాటి వేకువకు గంగాతీరమునకు దగ్గరగా దిగవచ్చును. ప్రయాణము సులువైనది. అందు చోటు సంపాదించుట మాత్రము సులువు కాలేదు. ఈ రెండవ విషయమును గూర్చియే నేను నేడు శ్రోతలతో ముచ్చటింపదలచితిని. నేను రైల్వే ఉద్యోగిని గాను. విశ్రాంతి పొందిన బడిపంతులును. నాకు తెలిసినదెల్ల ఒకసారి తప్పు చేసి, రెండవసారి దిద్దుకొని నేర్చుకొన్నది.

మొదట ఆ తప్పును చెప్పుట న్యాయము. 2022 అక్టోబరులో మా నాయనగారిని, అమ్మగారిని కాశికి పంపదలచితిని. దీపావళికి రెండు దినములు ముందు శుభదినమని పంచాంగము చూచి నిర్ణయించితిని గాని, ఆ బండి యెవరి బండియో ఆలోచింపనైతిని. బెజవాడ, వరంగల్లు, నాగపూరు, ఇటార్సీ, జబల్‌పూరుల మీదుగా పోవు సంఘమిత్రా ఎక్స్‌ప్రెస్సు కాశీయాత్రికుల కొరకు మాత్రమే నడచునది కాదు. అది బెంగుళూరు నుండి పాట్నా చెంతనున్న దానాపూరునకు పోవును. దక్షిణదేశమున కూలినాలి చేసికొను బీహారు సోదరులు దీపావళికిని, ఆ వెంటనే వచ్చు ఛఠ్ పండుగకును ఇండ్లకు చేరుట ఆ దారినే. మన పంచాంగముతోపాటు వారి పంచాంగమును గూడ చూడవలె నని నాకు తోచలేదు. కౌంటరులో వెయిటింగు లిస్టు టిక్కెట్టు ఇచ్చిరి. ‘ఎన్నో రద్దగును, వచ్చును లెండి’ అని నేనే వారికి ధైర్యము చెప్పితిని. రాలేదు. వెయిటింగు లిస్టుతో స్లీపరు పెట్టెలో కూర్చుండుటకు హక్కు లేదు. టిక్కెట్టు పరీక్షకుడు మర్యాదగానే ఆ మాట చెప్పెను. మా నాయనగారు చేతిసంచి పట్టుకొని ఒక్కమాటయు అనక ప్లాటుఫారము మీదికి దిగిరి. మరుసటి మాఘమాసమున ఆయన స్వర్గస్థులైరి. అమ్మగారికి ఇప్పుడు 82 ఏండ్లు. 2025లో ఆమెను నేనే తీసికొనిపోవలె నని నిశ్చయించుకొన్నప్పుడు, ఈసారి దినము, బండి, బెర్తు మూడును కుదిరిన పిమ్మటనే ఆమెకు చెప్పవలె నని కూడ నిశ్చయించుకొంటిని.

దినము మాట మొదట. ఛఠ్ పండుగ ముగిసి, జనము తిరుగుముఖము పట్టి, ఆ ఒత్తిడి కూడ సద్దుమణగవలెను. డిసెంబరు నడిమికి ఉత్తరదేశమున పొగమంచు దిగి బండ్లు గంటల తరబడి ఆలస్యమగును. ఈ రెండింటి నడుమ దొరకునది నవంబరు చివర, డిసెంబరు మొదలు. శీతకాలము దాటినచో శివరాత్రి, ఆ పిమ్మట హోళీ. ఇవి కూడ రద్దీ దినములే. మేము 2025 నవంబరు 28, శుక్రవారమునకు కుదుర్చుకొంటిమి.

ఇక బండి మాట. కాశి యనగానే అందరును వారణాసి పేరు గల బండి కొరకే వెదకుదురు. చెన్నపట్టణము నుండి బెజవాడ మీదుగా వారణాసికి పోవు గంగా కావేరి ఎక్స్‌ప్రెస్సు ఉన్నది గాని, అది ప్రతిదినము నడవదు. సంఘమిత్ర ప్రతిదినము కలదు. అది వారణాసికి పోక, గంగకు ఈవలి గట్టున మొగల్‌సరాయిలో ఆగును. 2018లో ఆ స్టేషనునకు పండిత దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షను అను పేరు పెట్టిరి. టిక్కెట్టు కొనునప్పుడు ఈ కొత్త పేరుతోనే వెదకవలెను, లేనిచో అట్టి స్టేషనే లేదని భ్రమపడుదుము. అక్కడి నుండి కాశి పదునైదు, పదునారు కిలోమీటర్లకు మించదు. గమ్యమునకు కొంచెము ఈవల దిగుటకు సిద్ధపడినవానికి బండ్ల సంఖ్య పెరుగును. ప్రయాగ విషయమునను ఇంతే. ఈ దారి బండ్లలో పెక్కు నగరములోని పెద్ద స్టేషనునకు పోక ప్రయాగరాజ్ ఛివకీలో ఆగును.

బెజవాడ నుండి మొగల్‌సరాయికి సుమారు 1,700 కిలోమీటర్లు. ఇచ్చట మితవ్యయమునకు సంబంధించిన ముఖ్యమైన సంగతి యొకటి. రైలు చార్జీ దూరముతోపాటు పెరుగునే గాని, దూరము పెరిగినకొలది కిలోమీటరునకు పడు చార్జీ తగ్గుచుండును. అందుచేత నాగపూరు వరకొక టిక్కెట్టు, అక్కడి నుండి మరియొక టిక్కెట్టు కొనువాడు, ఒకే టిక్కెట్టు కొన్నవానికంటె ఎక్కువ చెల్లించును. రిజర్వేషను రుసుము స్లీపరునకు 20 రూపాయలు, సూపర్‌ఫాస్టు రుసుము 30 రూపాయలు. ఇవి రెండేసిసార్లు పడును. నడుమ ఎక్కడనైన దిగి చూడవలె ననిన, దానికి వేరు మార్గము కలదు. 500 కిలోమీటర్లు దాటిన టిక్కెట్టు మీద ఒకచోట, 1,000 దాటినచో రెండుచోట్ల, చోటుకు రెండు దినములు ఆగవచ్చును. మొదటి ఆగుడు మాత్రము 500 కిలోమీటర్లు గడచిన పిమ్మటనే. ఈ సంగతి కౌంటరులో టిక్కెట్టు కొనునప్పుడే చెప్పి, ఆగిన చోటి నుండి ముందునకు బెర్తు కూడ అప్పుడే కోరవలెను. ఈ నియమము చిరకాలము నుండి యున్నను వాడుకొనువారు అరుదు.

తరగతి యేది? ఏసీ మూడవ తరగతికి స్లీపరునకు పడుదానికి రమారమి రెండున్నర రెట్లు చెల్లించవలెను, దానిపై జి.ఎస్.టి. నూటికి 5 వంతులు. 2021లో వచ్చిన ఏసీ ఎకానమీ తరగతి కొంచెము చౌక. పెట్టెకు 83 బెర్తులు కూర్చి ఆ చౌకను సాధించిరి. వేసవిలో ముసలివారితో పోవునప్పుడు నేనైనను ఏసీయే కొందును. నవంబరు చివర ఆ వ్యయము నాకు అనవసరమని తోచినది. అయితే స్లీపరులో దుప్పటి ఇయ్యరు. జబల్‌పూరు ప్రాంతమున రాత్రి చలి గట్టిది. ఒక రగ్గు, చెవులకు గుడ్డ ఇంటినుండి తీసికొనిపోయినచో రెండు టిక్కెట్ల మీద మిగిలిన సొమ్ము కాశిలో నాలుగు దినముల బసకు పనికివచ్చును.

వృద్ధులకు పూర్వము చార్జీలో రాయితీ యుండెడిది: అరువది నిండిన పురుషులకు నూటికి 40, ఏబదియెనిమిది నిండిన స్త్రీలకు 50 వంతులు. 2020 మార్చిలో దానిని నిలిపివేసిరి. మా ప్రయాణము నాటికి అది తిరిగి రాలేదు. ఇదిగో వచ్చినదని ఫోనులలో తిరుగు వార్తలను నమ్మి మా ఇరుగుపొరుగువారు ఇద్దరు ముగ్గురు భంగపడిరి. కాని రాయితీ పోయినను క్రింది బెర్తుల కోటా పోలేదు, అది ఇద్దరుగా పోవువారికే మిక్కిలి అనుకూలము. అరువది నిండిన పురుషుడు గాని, నలుబదియైదు నిండిన స్త్రీ గాని ఒంటరిగానో, అట్టివారిద్దరు ఒకే టిక్కెట్టుమీదనో పోవునప్పుడు ఆ కోటా వర్తించును. మూడవ పేరు చేర్చినచో, లేక ఇద్దరిలో ఒకరు చిన్నవారైనచో వర్తింపదు. తాతయ్య, అమ్మమ్మలకు తోడుగా మనుమడు పోవునప్పుడు, ముగ్గురిని ఒకే టిక్కెట్టున వ్రాయించి, పిమ్మట ముసలివారికి పై బెర్తు వచ్చినదని విచారించువారిని చూచితిని. ఆ మనుమని టిక్కెట్టు వేరుగా కొనవలెను. నాకు 61 ఏండ్లు నిండినవి. వయసు మీరుటవలన లాభము కలిగినది ఇదియే మొదటిసారి.

2024 నవంబరు 1 మొదలు రిజర్వేషను ప్రయాణమునకు 60 దినములు ముందు ఆరంభమగును. అంతకు మునుపు 120 దినములు. ప్రయాణదినము ఆ లెక్కలోనికి రాదు. నవంబరు 28 నుండి వెనుకకు లెక్కించిన సెప్టెంబరు 29. ఆనాడు ఉదయము 8 గంటలకు కౌంటరులును, ఐ.ఆర్.సి.టి.సి. వారి వెబ్‌సైటును ఒకేసారి తెరచును. పేర్లు, వయసులు ముందునాడే ఖాతాలో వ్రాసియుంచుకొంటిని. ఆధార్ కార్డుమీద ఉన్నట్లే పేరు వ్రాయవలెను. ఇంట పిలుచు పేరు పనికిరాదు. డబ్బు యూపీఐ ద్వారా చెల్లించిన, స్లీపరు టిక్కెట్టునకు వారు తీసికొను సేవారుసుము 15కు బదులు 10 రూపాయలు. ఈ రుసుము మనిషికి గాదు, టిక్కెట్టునకు. ఇద్దరు కలిసి కొనుటలో అదొక చిన్న ఆదా. ఎనిమిది దాటి నాలుగు నిమిషములకు రెండు క్రింది బెర్తులు ఖాయమైనవి. అప్పుడు లోపలికి పోయి అమ్మగారితో చెప్పితిని. ఆమె ‘ఈసారి సీటు వచ్చిందా?’ అని మాత్రము అడిగెను.

ఇంతలో నేను మరియొక పొరపాటు చేసితిని. పోవు టిక్కెట్టు దొరికిన సంతోషమున, వచ్చు టిక్కెట్టునకు వేరొక దినము తెరచుననుట మరచితిని. డిసెంబరు 4న తిరుగు ప్రయాణము. దానికి అక్టోబరు 5. నేను రెండు దినములు ఆలస్యముగా కూర్చుంటిని. పైగా అక్టోబరు 1 నుండి కొత్త నియమము వచ్చి, వెబ్‌సైటులో తొలి నిమిషములు ఆధార్‌తో ధ్రువపరచిన ఖాతాల వారికే కేటాయించిరి. కనుక ఆ పని ముందుగానే ముగించుకొనుట మంచిది. నాకు దొరికినది ఆర్.ఏ.సి. దీని భావము, ప్రయాణమునకు హక్కు కలదు గాని పడకకు లేదు. ప్రక్క క్రింది బెర్తున ఇద్దరు కూర్చుండవలెను. చార్జీ మాత్రము పూర్తిగానే. అపరిచితులతో ఇది ఇబ్బందియే. తల్లీ కొడుకులకో, ఆలుమగలకో అది అంత భయపడవలసినది కాదు. ఒకరు పడుకొని ఒకరు కూర్చుండవచ్చును. చార్టు సిద్ధమైనప్పుడు రద్దయిన బెర్తులు వీరికే ముందుగా వచ్చును. మాకు ప్రయాగ దాటువరకు రాలేదు. ఆ మీదట పరీక్షకుడు ఖాళీగా నున్న పై బెర్తు నాకు చూపగా, అమ్మగారు కాళ్లు చాపుకొని నిద్రించిరి.

వెయిటింగు లిస్టులన్నియు ఒకటి కావు. బండి బయలుదేరు చోటి నుండి కొన్నవారి సాధారణ జాబితా త్వరగా కదలును. నడిమి స్టేషనులకు వేరు చిన్న జాబితాలు కలవు. వాటిలో పది యను సంఖ్య చూచి తేలికగా తలంపరాదు. కౌంటరులో కొన్న వెయిటింగు టిక్కెట్టును బండి బయలుదేరుటకు అరగంట ముందుగా తిరిగి ఇచ్చిన కొంత తగ్గించి సొమ్ము ఇత్తురు. వెబ్‌సైటులో కొన్నది తనంతట తానే రద్దగును.

తత్కాల్ అనునది మితవ్యయము కోరువానికి చివరి ఆశ్రయము. స్లీపరునకు 200, ఏసీ మూడవ తరగతికి 400 రూపాయల వరకు అదనము, ఖాయమైన దానిని రద్దు చేసికొన్న దమ్మిడీ రాదు. బండి తన తొలి స్టేషను విడుచుటకు ముందునాడు ఏసీకి 10 గంటలకు, తక్కిన వాటికి 11 గంటలకు ఆరంభము. తొలి స్టేషను అను మాట గుర్తుంచుకొనవలెను. నిన్న బయలుదేరిన బండి నేడు మన ఊరికి వచ్చునట్టిదైనచో, మన లెక్కకు అది రెండు దినముల ముందగును. ఈ చిక్కున పడి ఒక దినము ఆలస్యముగా పోయినవారు పెక్కుమంది.

భోజనము గూర్చి చెప్పవలసినది కొంచెమే. మొదటి పూటకు పులిహోర, మరునాటికి చపాతీలు, పండ్లు. అమ్మగారు బండిలో కొన్న అన్నము ముట్టలేదు. అది ఆమె నియమము.

మొగల్‌సరాయి నుండి ఆటోలో బయలుదేరితిమి. 1887లో కట్టిన మాలవీయ వంతెన మీదికి వచ్చునప్పటికి ప్రొద్దు పొడుచుచుండెను. ఘట్టములు వంపు తిరిగిన వరుసగా కనబడినవి. అమ్మగారు సంచిలోనుండి మా నాయనగారి కండ్లజోడు తీసి చేత పట్టుకొనెను. ఎందుకని నేనును అడుగలేదు. బస ఆంధ్రాశ్రమమున ముందుగా ఉత్తరము వ్రాసి కుదుర్చుకొంటిని.

ఇప్పుడామె గయను, పూరిని గూడ చూడవలె ననుచున్నది. దీనికి చక్రప్రయాణపు టిక్కెట్టు అను నొక సౌకర్యము కలదు. నాగపూరు మీదుగా కాశికి పోయి, గయ, హౌరా, పూరి, విశాఖపట్టణముల మీదుగా బెజవాడకే తిరిగి చేరు దారిని వ్రాసి స్టేషను అధికారికి గాని డివిజను వాణిజ్యాధికారికి గాని ఇచ్చిన, మొత్తము దూరమును రెండుగా విడదీసి, ఒక్కొక్క సగమునకు ఒక టిక్కెట్టు చొప్పున లెక్కగట్టుదురు. దారిలో ఎనిమిది చోట్ల వరకు ఆగవచ్చును. విడివిడిగా కొన్నదానికంటె ఇది చౌక. బెర్తులు మాత్రము భాగము భాగమునకు వేరుగా కోరుకొనవలెను, వాటి రుసుములు వేరు. అర్జీ వ్రాసి ఉంచితిని. హోళీ దాటిన పిమ్మట బయలుదేరుదము. దినము ఇంకను నిర్ణయింపలేదు.