పిల్లల తెలుగు పుస్తకానికి మన కొలతలు

జెద్దాలో మేముండే షరఫియాలో వీధిలోకొస్తే మలయాళం, ఉర్దూ, అరబ్బీ వినిపిస్తాయి. తెలుగు మా గుమ్మం లోపలే. పిల్లలిద్దరూ గలగలా మాట్లాడతారు గానీ చదవమంటే తప్పించుకుంటారు. అమ్మ వాట్సాప్‌లో చెప్పే కథలు ఇష్టంగా వింటారు, అవే రాసి పంపితే "నువ్వే చదువమ్మా" అంటారు. ఇలాగే వదిలేస్తే అమ్మమ్మ రాత వాళ్లకి ఎప్పటికీ అందదు. అందుకే ఆ కథలతో వాళ్ల కళ్లకి సరిపడే పుస్తకం చేయాలనుకున్నాను.

బీఎస్సీ రోజుల్లో లెక్కల నోట్సులో చూసిన లాటెక్ గుర్తొచ్చింది. తన పుస్తకం ప్రూఫులు నచ్చక డొనాల్డ్ క్నూత్ 1977లో 'టెక్' మొదలుపెట్టారు. 1980లలో లెస్లీ లాంపోర్ట్ దాన్ని లాటెక్‌గా సులువు చేశారు. 2004లో జొనాథన్ క్యూ తెచ్చిన జీటెక్‌తో యూనికోడ్ తెలుగు నేరుగా టైపు చేసుకునే వీలొచ్చింది.

కంప్యూటర్‌లో ఏదీ ఎక్కించక్కర్లేదు. బ్రౌజర్‌లో ఓవర్‌లీఫ్ తెరిచి, ఉచిత ఖాతాతో కొత్త ప్రాజెక్టు పెట్టి, సెట్టింగుల్లో కంపైలర్‌ని జీలాటెక్‌గా మార్చండి. ఫైలులో పైన కొలతలు, కింద కథ ఉంటాయి. పైన ఒక్కసారి మారిస్తే పుస్తకమంతా మారుతుంది. మొదట ఈ నాలుగూ చాలు.

కాగితం: మామూలుగా లాటెక్ అమెరికా లెటర్ సైజు అనుకుంటుంది. సౌదీలో, బ్రిటన్‌లో మనం వాడేది ఏ4. జామెట్రీ ప్యాకేజీలో కాగితం, అంచులు చెప్పండి. పిన్నులు కొట్టే వైపు అంచు కాస్త ఎక్కువ వదలండి.

అక్షరం: ఆర్టికల్ క్లాసులో 10, 11, 12 పాయింట్లే ఉంటాయి. ఎక్స్‌టార్టికల్‌లో 14, 17, 20 కూడా దొరుకుతాయి. మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్ ఫైలు ప్రాజెక్టులోకి ఎక్కించి, ఫాంట్‌స్పెక్‌లో దాని పేరు రాయండి. పక్కనే స్క్రిప్ట్ తెలుగు అని చెప్పడం మరవద్దు. లేకపోతే వత్తులు సరిగా అతుక్కోవు.

వరుసల మధ్య జాగా: అసలు కీలకం ఇదే. 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి మాటల్లో వత్తులు కిందికి దిగుతాయి, కింది వరుసలో గుడులు పైకి లేస్తాయి. ఇంగ్లీషుకి సరిపోయే జాగాలో అవి ఒకదానికొకటి తగులుతాయి. కూడబలుక్కుని చదివే పిల్లలకి అక్కడే చిక్కు. సెట్‌స్పేస్ ప్యాకేజీతో 1.5 పెట్టి చూడండి.

సర్దుబాటు: రెండు అంచులూ సమం చేయబోతే మన పొడుగు పదాల వల్ల మాటల మధ్య ఖాళీలు సాగిపోతాయి. రాగెడ్‌రైట్ అంటే ఎడమ అంచు మాత్రమే సమంగా ఉండి, ఖాళీలు ఒకేలా ఉంటాయి.

కథల పేర్లకి రంగు, సైజు మార్చాలంటే టైటిల్‌సెక్, పేజీ పైన పిల్లల పేరు వేయాలంటే ఫ్యాన్సీహెడర్ తర్వాత నేర్చుకోవచ్చు. ఒకసారికి ఒక్కటే మార్చి, కంపైల్ చేసి చూసుకోండి. ఏ మార్పు ఏం చేసిందో అప్పుడే తెలుస్తుంది.

డాలస్‌లో ఉన్న మా చెల్లి ఇదే ఫైలు తీసుకుని, ఏ4 ఉన్నచోట లెటర్ అని రాసి తన కూతురికి ప్రింటు తీసింది. మీ అమ్మ, అత్తయ్య చెప్పే కథ ఒక్కటి ఈ వారం టైపు చేయండి. ఒక్క పేజీ అయినా చాలు.