చేపల కంటే ముందు నీరు సిద్ధం కావాలి

చెన్నై నగరంలో అలంకార చేపల వ్యాపారానికి పేరుపడిన ప్రాంతం కొళత్తూరు. సెలవు దినాన పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లిన కుటుంబాలు గాజుతొట్టి, రంగురాళ్లు, ఫిల్టర్, నాలుగు బంగారు చేపలు ఒకేసారి కొని తెచ్చుకోవడం పరిపాటి. సాయంత్రానికి తొట్టి ముచ్చటగా అమరుతుంది. మూడు నాలుగు రోజులకు నీరు మసకబారుతుంది. వారం తిరిగేసరికి చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరిచి ఆయాసపడతాయి. ఆపై ఒక్కొక్కటే చనిపోతాయి. మేత చాలలేదనో, అంగడివాడు రోగపు చేపలను అంటగట్టాడనో, దిష్టి తగిలిందనో ఇంటివారు అనుకుంటారు. చాలా సందర్భాలలో అసలు కారణం వేరు. నీరు తేటగా కనిపించినా, చేపలు జీవించడానికి అది ఇంకా సిద్ధపడలేదు.

నీటిలో జరిగే మార్పు

చేపలు తమ శరీరంలోని వ్యర్థాన్ని ప్రధానంగా అమ్మోనియా రూపంలో మొప్పల ద్వారా విడుస్తాయి. మిగిలిపోయిన మేత కుళ్లినా అమ్మోనియాయే పుడుతుంది. చెరువులోనైతే విస్తారమైన నీరు, మట్టి, మొక్కలు, సూక్ష్మజీవులు దానిని హరిస్తాయి. కొత్త గాజుతొట్టిలో ఆ ఏర్పాటేదీ ఉండదు. విడిచిన విషంలోనే చేప ఈదవలసి వస్తుంది.

ఈ విషాన్ని తొలగించేవి రెండు తెగల సూక్ష్మజీవులు. ఒక తెగ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. అది రక్తంలో చేరితే రక్తం గోధుమ రంగుకు తిరిగి, ప్రాణవాయువును మోసే శక్తిని కోల్పోతుంది. రెండో తెగ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొద్ది మోతాదులో చేపలకు అంతగా హాని చేయదు. వారం వారం కొంత నీరు మార్చడంతో అది అదుపులో ఉంటుంది. ఈ సూక్ష్మజీవులు నీటిలో కంటే ఫిల్టర్ స్పాంజిపైన, రాళ్లపైన పొరగా అంటుకొని ఎక్కువగా పెరుగుతాయి. అవి చాలినంతగా వృద్ధి చెందడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

చెన్నై వాతావరణానికి మేలూ కీడూ రెండూ ఉన్నాయి. వెచ్చని నీటిలో ఈ సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి, హీటర్ అవసరం రాదు. కానీ నీటి వేడి, క్షారగుణం పెరిగేకొద్దీ అమ్మోనియాలో విషపూరితమైన భాగం పెరుగుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి చేరితే ఆ భాగం దాదాపు పది రెట్లవుతుంది. పైగా వెచ్చని నీరు ప్రాణవాయువును తక్కువగా పట్టి ఉంచుతుంది. అందువల్ల ఎయిర్ పంపు ఉండడం మేలు.

ఏ నీరు వాడాలి

నగరపు కుళాయిలకు చేరే నీటికి మూలాలు అనేకం. పుళల్, చెంబరంబాక్కం జలాశయాల నీరు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోని కండలేరు నుంచి తెలుగుగంగ కాలువ మీదుగా పూండికి వచ్చే కృష్ణాజలం ఉంది. మింజూరు, నెమ్మేలి కేంద్రాలలో ఉప్పు తొలగించిన సముద్రజలం ఉంది. రోగక్రిములు నశించడానికి సరఫరా నీటిలో క్లోరిన్ కలుపుతారు. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మనిషికి రక్షణనిచ్చే ఆ క్లోరిన్ చేప మొప్పలకూ, మేలుచేసే సూక్ష్మజీవులకూ శత్రువు. నీటిని వెడల్పాటి పాత్రలో ఒక రోజంతా ఉంచితే మామూలు క్లోరిన్ చాలావరకు ఆవిరవుతుంది. అంగళ్లలో దొరికే యాంటీ క్లోరిన్ ద్రావణాన్ని సీసాపై సూచించిన మోతాదులో కలిపితే వెంటనే విరుగుతుంది.

ఆర్వో యంత్రపు నీటిని మాత్రమే వాడడం సరికాదు. అందులో ఖనిజలవణాలు దాదాపు ఉండవు. సూక్ష్మజీవుల పని సాగేకొద్దీ నీటిలోని కార్బనేట్లు ఖర్చవుతాయి. అవి లేని నీటిలో పీహెచ్ పడిపోయి, ఆ పని నిలిచిపోతుంది.

చేపలు లేకుండా తొట్టిని సిద్ధపరచే విధానం

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టిలో రాళ్లు పోగా సుమారు 50 లీటర్ల నీరు పడుతుంది. క్లోరిన్ విరిచిన నీరు నింపి, ఫిల్టర్‌ను రాత్రింబగళ్లు నడపాలి. సూక్ష్మజీవులకు ఆహారంగా 0.3 గ్రాముల స్వచ్ఛమైన అమ్మోనియం క్లోరైడ్ కలిపితే లీటరుకు సుమారు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా ఏర్పడుతుంది. అది దొరకనివారు రోజూ చిటికెడు చేపల మేత వేయవచ్చు. అయితే ఈ పద్ధతి నెమ్మదిగా సాగుతుంది.

పాలకు తోడు వేస్తే గాని పెరుగు త్వరగా తోడుకోదు. తొట్టికీ అలాంటి తోడు ఉంది. ఆరోగ్యమైన చేపలున్న పాత తొట్టి నుంచి ఒక స్పాంజి ముక్కను తడి ఆరనీయకుండా తెచ్చి కొత్త ఫిల్టర్‌లో అమర్చితే, వారాల గడువు బాగా తగ్గవచ్చు.

అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్‌లను కొలిచే టెస్ట్ కిట్ ఒకటి తప్పనిసరి. రెండు మూడు రోజులకొకసారి పరీక్షిస్తే మార్పు కళ్లకు కడుతుంది. మొదట అమ్మోనియా తగ్గుతుంది, నైట్రైట్ పెరుగుతుంది. తరువాత అదీ తగ్గి నైట్రేట్ కనిపిస్తుంది. అమ్మోనియా తరిగినప్పుడల్లా మళ్లీ అదే మోతాదు కలపాలి. కలిపిన మరునాటికి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు చేరితే తొట్టి సిద్ధమైనట్లు. అప్పుడు నీటిలో అధికభాగం మార్చి, ఆ తరువాతనే చేపలను వదలాలి. మొదట నాలుగైదు గప్పీలు చాలు. బంగారు చేపలు పెద్దగా ఎదుగుతాయి, వ్యర్థం ఎక్కువ విడుస్తాయి. కనుక ఈ పరిమాణపు తొట్టి వాటికి తగదు.

ఈ వారాలన్నింటా తొట్టిపై మూత ఉండాలి. చేపలు లేని నీటిని తెరిచి ఉంచితే అందులో దోమలు గుడ్లు పెడతాయి.

ఇప్పటికే చేపలు వదిలినవారు

నిరాశపడనవసరం లేదు. పరీక్షలో అమ్మోనియా గాని నైట్రైట్ గాని కనిపిస్తున్నంత కాలం రోజూ నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు, క్లోరిన్ విరిచిన నీటితో మార్చాలి. మేత బాగా తగ్గించాలి. కొత్త చేపలను చేర్చకూడదు.

ఆదివారం వచ్చిందంటే తొట్టినంతా ఖాళీ చేసి, రాళ్లనూ స్పాంజినీ కుళాయి కింద తళతళలాడేలా తోమడం కొన్ని ఇళ్లలో అలవాటు. మంచి ఉద్దేశంతో చేసే ఈ పనివల్లనే అనేక చేపలు మరణిస్తాయి. అలా తోమితే వారాల తరబడి పెరిగిన సూక్ష్మజీవుల పొర ఒక్క పూటలో నశిస్తుంది. తొట్టిలోంచి తీసిన నీటినే బకెట్‌లో పోసి, అందులో స్పాంజిని మెల్లగా పిండితే చాలు. కరెంటు గంటల తరబడి పోయినప్పుడు మూసి ఉన్న ఫిల్టర్‌లో సూక్ష్మజీవులు ఊపిరాడక చనిపోవచ్చు. దానిని అదే విధంగా పిండిన తరువాతే తిరిగి నడపాలి.

తొట్టి నుంచి తీసిన నీటిలోని నైట్రేట్ మొక్కలకు ఎరువు. దానిని మురుగుకాలువ పాలు చేయక బాల్కనీలోని తులసికో కరివేపాకు మొక్కకో పోయవచ్చు. పెంచలేమనుకున్న చేపలను మాత్రం చెరువులలో గాని కాలువలలో గాని వదలకూడదు. అలా వదిలిన సక్కర్ చేపలు దక్షిణాదిలోని పలు జలాశయాలలో విస్తరించి, స్థానిక చేపలకూ జాలరుల వలలకూ బెడదగా మారాయి. వాటిని అంగడికి తిరిగి ఇవ్వడమో, తొట్టి ఉన్న మరొకరికి అప్పగించడమో ఉచితం.

ఖాళీ తొట్టిని చూస్తూ నెల రోజులు ఓపిక పట్టడం పిల్లలకు కష్టమే. పరీక్ష గొట్టంలో రంగు మారడాన్ని వారి చేతనే చూపించి, తేదీతో సహా ఒక పుస్తకంలో రాయిస్తే ఆ నిరీక్షణ వారికి పాఠమవుతుంది. తరువాత వచ్చే చేపలు వారి కళ్లముందే బ్రతికి ఎదుగుతాయి.