బరువు పెరగాలి, పొట్ట పెరగకూడదు



మన ఆసుపత్రి ఓ.పి.లో "బరువు తగ్గించుకోండి" అనే మాట మేము రోజూ ఎంతోమందికి చెబుతూ ఉంటాము. కాని "బరువు ఎట్ల పెరగాలె సిస్టరమ్మా?" అని అడిగేవారూ తక్కువేమీ కాదు. బక్కగా ఉన్న కాలేజీ పిల్లలు, పోలీసు ఉద్యోగానికి తయారవుతున్నవారు, జిమ్‌లో చేరినవారు, జబ్బు నుండి లేచి నీరసపడినవారు ఈ ప్రశ్నతో వస్తారు. ఈ సంచికలో వారి కోసం వ్రాస్తున్నాను. కారణం ఒక అబ్బాయి. పేరు చెప్పను.

త్రిపురారం దగ్గరి పల్లె నుండి ఒక తల్లి తన 19 ఏళ్ల కొడుకును తీసుకొని వచ్చింది. వచ్చినప్పుడు అతని ముఖం చంద్రబింబంలా ఉబ్బి ఉన్నది. విపరీతమైన దప్పిక. రాత్రి నాలుగైదు సార్లు మూత్రానికి లేస్తున్నాడు. షుగర్ చూస్తే 268, బి.పి. 150/96. "నాలుగు నెలల కింద బక్కగుండె అమ్మా. ఇప్పుడు మంచిగ ఒళ్లు చేసిండని సంబురపడ్డం" అన్నది ఆ తల్లి.

అతడు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. 2022లో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం పురుష అభ్యర్థులు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి, 7.26 కిలోల గుండును 6 మీటర్లు విసరాలి. ఈ అబ్బాయి ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 48 కిలోలు. పరుగు బాగానే ఉన్నది గాని గుండు పోవడం లేదు. స్నేహితులు "బరువు పెరిగితేనే గుండు పోతది" అన్నారు. అంతే, మూడు పూటలా పళ్లెం నిండా అన్నం, రోజూ కూల్‌డ్రింకులు, పాలలో కలుపుకొనే ఒక డబ్బా పొడి, దానితోపాటు ఎవరో ఇచ్చిన చిన్న మాత్రలు మొదలుపెట్టాడు. నాలుగు నెలలలో 14 కిలోలు పెరిగాడు.

డాక్టరుగారు ఆ మాత్రల అట్టలు తెప్పించి చూశారు. ఒకటి డెక్సామెథాసోన్, రెండవది సైప్రోహెప్టడిన్. మొదటిది స్టెరాయిడ్. రెండవది అలర్జీకి వాడే మందు, దానివల్ల ఆకలి, నిద్రమత్తు పెరుగుతాయి. ఇక గుండు సంగతి అడిగితే తల వంచుకొని, "పోయినంతనే పోతుంది మేడమ్, పరుగు మాత్రం తగ్గింది" అన్నాడు.

తూనిక చెప్పని సంగతి

62 కిలోల బరువుతో ఆ అబ్బాయి బాడీ మాస్ ఇండెక్స్ 22. భారతీయులకు 18.5 నుండి 22.9 వరకు సరియైన బరువుగా లెక్కిస్తారు. కాబట్టి చార్టు చూస్తే అతనికి ఏ లోపమూ లేదు! కాని టేపు పెట్టి కొలిస్తే నడుము 36 అంగుళాలు. పెరిగిన దానిలో ఎక్కువ భాగం కొవ్వు, నీరు.

మన దేశంవారికి ఇది ప్రత్యేకమైన సమస్య. పూణేకు చెందిన డాక్టర్ యాజ్నిక్, ఇంగ్లాండుకు చెందిన డాక్టర్ యడ్కిన్ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫోటో ప్రచురించారు. ఇద్దరి బాడీ మాస్ ఇండెక్స్ ఒకటే, 22.3. కాని ఒంట్లో కొవ్వు యడ్కిన్ గారికి 9.1 శాతం ఉంటే, మన యాజ్నిక్ గారికి 21.2 శాతం ఉన్నది. పైకి సన్నగా కనబడుతూ లోపల కొవ్వు దాచుకొనే శరీరం మనది. ఆ కొవ్వు పొట్టలో, కాలేయంలో చేరినప్పుడు ఇన్సులిన్ సరిగా పనిచేయదు. షుగర్, ట్రైగ్లిజరైడ్లు, బి.పి. పెరుగుతాయి.

2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనంలో 20 ఏళ్లు దాటిన భారతీయులలో 11.4 శాతం మందికి మధుమేహం, మరో 15.3 శాతం మందికి దాని ముందు దశ ఉన్నట్లు తేలింది. ఈ అబ్బాయి తండ్రి కూడా షుగర్ రోగే. అలాంటి ఇంటి పిల్లలు బరువు పెరిగేటప్పుడు మరింత జాగ్రత్తగా ఉండాలి.

కండ మాత్రం మనకు మిత్రుడు. భోజనం తరువాత రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద భాగాన్ని లోపలికి తీసుకొనేది కండరమే. అందుచేత బరువు పెరగడం తప్పు కాదు. ఏది పెరుగుతున్నది అన్నదే ప్రశ్న.

మల్లేశ్వరి నేర్పిన పాఠం

శ్రీకాకుళం జిల్లా ఆముదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లేశ్వరి గారిని మీరు ఎరుగుదురు. 1994, 1995 ప్రపంచ వెయిట్ లిఫ్టింగ్ పోటీలలో ఆమె 54 కిలోల తరగతిలో విజేత. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో 63 కిలోల తరగతిలో వెండి పతకం. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం పొందిన మొట్టమొదటి భారతీయ మహిళ ఆమె.

54 నుండి 69 తరగతికి రావడానికి ఆరు సంవత్సరాలు. ఆ ఆరు సంవత్సరాలూ ఇనుము ఎత్తుతూనే ఉన్నారు. మన అబ్బాయి నాలుగు నెలలలో 14 కిలోలు పెరిగాడు, ఏమీ ఎత్తలేదు. తేడా అక్కడే ఉన్నది.

అంత దూరం ఎందుకు, మిర్యాలగూడ రైసు మిల్లుల దగ్గర బస్తాలు మోసే హమాలీ అన్నలను చూడండి. చాలామందికి పొట్ట ఉండదు, బలం ఉంటుంది. మోసే పని కండను పెంచింది.

ఎంత పెరగాలి?

50 కిలోల మనిషి నెలకు అర కిలో నుండి ఒక కిలో పెరిగితే చాలు. అంతకంటె వేగంగా పెరిగితే అందులో కొవ్వే ఎక్కువ. దీనికి రోజూ తినేదానికంటె 300 కేలరీలు అదనంగా సరిపోతాయి. పల్లీలు ఒక గుప్పెడు (30 గ్రాములు), ఒక గుడ్డు, ఒక అరటిపండు కలిపితే ఆ లెక్క ఇంచుమించు పూర్తవుతుంది.

వారానికి ఒకసారి ఉదయం కాలకృత్యాల తరువాత బరువు చూసుకోండి. నెలకు ఒకసారి నడుము కొలవండి. టేపును కింది పక్కటెముకకు, తుంటి ఎముకకు మధ్యన చుట్టి, మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. బరువు కంటె నడుము త్వరగా పెరుగుతుంటే అదనపు తిండి తగ్గించి, వ్యాయామం సరిచూసుకోవాలి.

ఏమి తినాలి?

ఎడమ కాలువ నీళ్లు వచ్చినప్పటి నుండి మన ప్రాంతమంతా వరి. మన పళ్లెంలోనూ వరే. అన్నం కొండలా, పప్పు చారెడు! బలం కావలసినవారు ఈ లెక్కను మార్చాలి. బరువులు ఎత్తేవారికి కిలో శరీర బరువుకు 1.2 నుండి 1.6 గ్రాముల మాంసకృత్తులు చాలు. అంటే 50 కిలోల మనిషికి రోజుకు 60 నుండి 80 గ్రాములు. మన వంటింటిలోనే ఇలా వస్తాయి:

గుడ్లు రెండు: 12 గ్రాములు
పాలు, పెరుగు కలిపి 400 మిల్లీలీటర్లు: 13 గ్రాములు
కందిపప్పు లేక పెసరపప్పు 60 గ్రాములు: 13 గ్రాములు
పల్లీలు ఒక గుప్పెడు: 7 గ్రాములు
నానబెట్టిన శనగలు లేక బొబ్బర్లు 30 గ్రాములు: 6 గ్రాములు
బియ్యం, జొన్నపిండి కలిపి 250 గ్రాములు: 20 గ్రాములు

మొత్తం 71 గ్రాములు. కోడికూర, చేపలు తిన్న రోజు పప్పు కొంచెం తగ్గినా ఫరవాలేదు. ఒక పూట అన్నానికి బదులు జొన్న రొట్టె, ప్రతి పూట ఆకుకూర లేక కూరగాయలు ఉండాలి. ఇది ఆరోగ్యవంతుల లెక్క. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరుగారిని అడగకుండా మాంసకృత్తులు పెంచకూడదు.

డబ్బా పొడుల మాటేమిటి? బరువు పెంచే పొడులలో చాలావాటిలో ఎక్కువ భాగం చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్ వంటివే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనలలో కండ కోసం ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దని, మంచి మాంసకృత్తులను ఆహారం నుండే పొందాలని చెప్పింది. ఆ డబ్బుతో ఇంటిల్లిపాదికీ గుడ్లు, పల్లీలు కొనవచ్చు.

ఏమి చేయాలి?

1. వారంలో మూడు రోజులు, రోజు విడిచి రోజు బరువుల వ్యాయామం చేయాలి. జిమ్ లేకపోతే దండీలు, బస్కీలు, ఇసుక సంచి ఎత్తడం, నీళ్ల బిందెలు రెండు చేతులా పట్టుకొని నడవడం చాలు.

2. ఒక్కొక్కటి 8 నుండి 12 సార్లు, రెండు మూడు విడతలు చేయాలి. తేలికయినప్పుడు బరువు కొంచెం పెంచాలి. ఒకేసారి పెంచితే నడుము పట్టేస్తుంది.

3. మిగతా రోజులలో వేగంగా నడవాలి లేక పరుగెత్తాలి. బరువు తగ్గిపోతుందని పరుగు మానకండి, గుండెకు అది అవసరం.

4. రాత్రి 7, 8 గంటల నిద్ర ఉండాలి. సెల్‌ఫోను పక్కన పెట్టకపోతే ఎంత తిన్నా కండ పట్టదు.

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు కొత్తగా వ్యాయామం మొదలుపెడితే షుగర్ పడిపోయే అవకాశం ఉన్నది. ముందు డాక్టరుగారితో మాట్లాడండి. బి.పి. ఉన్నవారు బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకండి.

మొదలుపెట్టకముందు

సన్నగా ఉండడం కొందరికి వంశం, కొందరికి జబ్బు గుర్తు. తింటున్నా బరువు తగ్గుతుంటే, రెండు వారాలకు మించి దగ్గు ఉంటే, సాయంత్రం జ్వరం, దప్పిక, గుండె దడ ఉంటే వెంటనే రండి. కళ్లె పరీక్ష, షుగర్, థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించాలి. టి.బి. ఉన్నవారికి, చిన్న వయసులో వచ్చే షుగర్ ఉన్నవారికి తిండి ఒక్కటే మందు కాదు.

ఆరోగ్యంగా ఉన్నవారు కూడా పరగడుపు షుగర్, బి.పి., కొవ్వు పరీక్ష ఒకసారి చేయించుకొని, ఆరు నెలలకు మళ్లీ చూసుకోవాలి. పరగడుపు షుగర్ 100 లోపు ఉండాలి. 100 నుండి 125 ఉంటే హెచ్చరిక, 126 లేక ఎక్కువ ఉంటే మళ్లీ పరీక్షించి డాక్టరుగారు నిర్ధారిస్తారు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. పేరు తెలియని "బలం మాత్రలు" ఎవరిచ్చినా మింగవద్దు. ఇప్పటికే వాడుతున్నవారు భయపడి ఒక్కసారిగా మానకండి. స్టెరాయిడ్ కొన్నాళ్లు వాడితే శరీరం తన సొంత హార్మోను తయారుచేయడం తగ్గిస్తుంది. హఠాత్తుగా ఆపితే కళ్లు తిరగడం, వాంతులు, బి.పి. పడిపోవడం, ప్రాణాపాయం కూడా కలగవచ్చు. అట్టలతో సహా ఆసుపత్రికి రండి. ఎవరూ మిమ్మల్ని తిట్టరు.

ఇప్పుడు ఆ అబ్బాయి

డాక్టరుగారు మాత్రలను కొన్ని వారాలలో మెల్లగా తగ్గించి ఆపారు. ముఖం వాపు పోయింది, బరువు 53కు దిగింది, షుగర్ అదుపులోకి వచ్చింది. తల్లి మొదట ఏడ్చింది, "మళ్లా బక్కగయిండు" అని. తరువాత గుడ్లు, పప్పు, ఇసుక సంచి. 11 నెలలలో 6 కిలోలు పెరిగి 59 అయ్యాడు. నడుము 31 అంగుళాలు, పరగడుపు షుగర్ 92. గుండు ఆరు మీటర్ల గీత దాటుతున్నదని మొన్న వచ్చి చెప్పాడు. తండ్రికి షుగర్ ఉన్నందున ఏటా పరీక్ష చేయించుకొమ్మని అతనికి చెప్పి పంపాము.

బబులోనులో దానియేలు, అతని ముగ్గురు స్నేహితులు రాజు భోజనం వద్దని పది దినములు శాకధాన్యాదులు తిని, నీళ్లు త్రాగి, మిగతా యౌవనస్థులకంటె పుష్టిగా కనబడిన సంగతి మనకు తెలుసు. మన యౌవనస్థుల ముందు ఈనాడు రాజు భోజనం డబ్బాలలో, మాత్రలలో ఉన్నది. తల్లులారా, మీ పిల్లలు త్వరగా లావెక్కితే సంతోషపడకముందు ఒక్కసారి టేపు తీయండి. దేవుడిచ్చిన దేహాన్ని ఓపికతో కట్టుకొనుటకు ప్రభువు మన బిడ్డలకు సహాయము చేయును గాక.