ప్రయాణానికి ముందే చేతికందాల్సిన సాయం

విద్యుత్ గ్రిడ్ మీద ప్రయోగాలు చేయడం కుదరదు. కూలిపోతే ఏమవుతుందో చూద్దామని ఎవరూ రాష్ట్రం మొత్తానికి కరెంటు తీసేయరు కదా. అందుకే ఈ రంగంలో చదువు చాలావరకు జరిగిపోయిన ప్రమాదాల నుంచే వస్తుంది. 2012 జులై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూలి సుమారు 60 కోట్ల మంది చీకట్లో పడ్డారు. దక్షిణాది గ్రిడ్ అప్పటికింకా వాటితో సింక్రనైజ్ కాలేదు కాబట్టి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తప్పించుకుంది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో అదీ కలిసింది. ఇక ఇక్కడ అమెరికాలో, 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సాస్ గ్రిడ్ పూర్తిగా కూలడానికి 4 నిమిషాల 37 సెకన్లే మిగిలాయి.

వీటి మీద నివేదికలు ఎక్కడ కూర్చునైనా చదువుకోవచ్చు. గ్రిడ్‌ను రోజూ నడిపేవాళ్ళు ఎదురుపడేది మాత్రం సదస్సుల్లోనే. ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈకి చెందిన పవర్ అండ్ ఎనర్జీ సొసైటీ ఏటా జులైలో జనరల్ మీటింగ్ జరుపుతుంది. 2024లో సియాటిల్, 2025లో ఆస్టిన్. అందులో విద్యార్థుల పోస్టర్ పోటీ ఉంటుంది. సోలార్ పెరిగేకొద్దీ ఫ్రీక్వెన్సీ ఎంత వేగంగా పడిపోతుందో గ్రాఫు గీసి ఓ అమ్మాయి నిలబడుతుంది. ఏదో యుటిలిటీ ఇంజనీరు ఆగి, గీత మీద వేలు పెట్టి, "ఈ రిలే ఇంత త్వరగా పనిచేస్తుందని ఎలా అనుకున్నావు?" అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నతో థీసిస్‌లో ఒక అధ్యాయం తిరగరాయాల్సి రావచ్చు. మన తెలుగు పిల్లల దగ్గర చెప్పడానికీ ఉంది: 1000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కు, దిగిన నీటిని మళ్ళీ పైకి తోడగల శ్రీశైలం ఎడమగట్టు 900 మెగావాట్ల కేంద్రం వాళ్ళ ఇళ్ళకు దగ్గర్లోనే ఉన్నాయి.

చిక్కంతా ఖర్చుతోనే. రిజిస్ట్రేషన్, విమానం టికెట్, బస, వీటికి తోడు అమెరికా వీసా దరఖాస్తుకు 185 డాలర్లు. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. రచయితలెవరూ హాజరు కాకపోతే పేపరును ప్రచురణ నుంచి తప్పించే నిబంధన చాలా సదస్సుల్లో ఉంది. ప్రయాణ గ్రాంట్లు లేకపోలేదు. కానీ వాటిలో చాలావరకు ముందు నువ్వు ఖర్చుపెట్టు, తిరిగొచ్చాక బిల్లులు చూపించు అనే పద్ధతివే. కౌలు రైతు ఇంట్లో అన్ని లక్షలు ముందుగా ఎవరు సర్దుతారు? అలా ఆ సాయం చివరికి అది లేకున్నా వెళ్ళగలిగేవాళ్ళకే చేరుతోంది. నాకు బాధ కలిగించేది ఇదే.

ఇక్కడి మన తెలుగు సంఘం ఇరవై మందికి తలా కొంచెం పంచే బదులు ఇద్దరి ఖర్చంతా భరించాలని నా అభిప్రాయం. రిజిస్ట్రేషన్, టికెట్ సంఘమే నేరుగా కట్టాలి. వీసా ఇంటర్వ్యూలో చూపించుకోవడానికి ఖర్చు మాదేనంటూ ఉత్తరం ఇవ్వాలి. సదస్సు జరిగే ఊళ్ళో మన కుటుంబాలు ఉంటే బస ఖర్చూ తప్పుతుంది, విమానాశ్రయానికి కారూ వస్తుంది.

పేపరుకు అంగీకారం వచ్చేదాకా ఆగితే వీసా స్లాటు దొరకడం కష్టం. కాబట్టి విద్యార్థులు పేపరు పంపే రోజుల్లోనే, అంటే చలికాలం మొదట్లోనే, వాళ్ళను ఎంపిక చేసి డబ్బు పక్కన పెట్టాలి. పేపరుకు అంగీకారం రాకపోతే ఆ మొత్తం మరుసటి ఏడాది విద్యార్థికి వెళ్తుంది.