చెరువుగట్టుకు ఏ పెట్టె? సీట్ బాక్స్‌పై అపోహలు – వాస్తవాలు

పొద్దున్నే ఓ గాలపు కర్ర, డబ్బాలో కాసిన్ని ఎర్రలు, సీసాలో నీళ్లు పట్టుకుని బయల్దేరి, ఎండ ముదిరేలోపు ఇల్లు చేరే సరదా తిరువళ్లూరు, తిరుత్తణి వైపు పాతదే. తిరువళ్లూరు నుంచి పది పన్నెండు కిలోమీటర్లు వెళితే పూండి జలాశయం. చెన్నై తాగునీటి కోసం 1944లో కుశస్థలి ఏటిపై కట్టి పూర్తిచేశారు. 1996 నుంచి కండలేరు కాలువ మీదుగా కృష్ణా నీళ్లు కూడా అందులోకే చేరుతున్నాయి. తిరుత్తణి చుట్టుపక్కల చెరువులకు కొదవ లేదు. సముద్రం వైపు సాగితే పులికాట్ సరస్సు. 1960 దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనిదే కాబట్టి ఈ గట్ల మీద తెలుగు మాట ఇప్పటికీ మామూలుగానే వినబడుతుంది. జిలేబి చేప ధర దగ్గర్నుంచి కొర్రమీను ఏ తుంగలో దాక్కుంటుందన్న దాకా తెలుగులోనే తేల్చుకుంటారు.

మారిందల్లా కూర్చునే తీరు. ఒకప్పుడు గొంతుక్కూర్చునేవాళ్లు, లేదంటే రాయి చూసుకునేవాళ్లు. ఇప్పుడు ఫోన్లో విదేశీ వీడియోలు చూసినవాళ్లు, లోపల సామాను పెట్టుకుని పైన కూర్చునే పెట్టె కావాలంటున్నారు. ఆ కోరిక సబబైనదే. నడుము నొప్పిపెడుతుంటే బెండు మీద చూపు నిలవదు. అయితే ఆ పెట్టె ఎలా ఉండాలన్న దగ్గర పాతుకుపోయిన నమ్మకాలు డబ్బుకూ ఒంటికీ కూడా చేటు చేస్తున్నాయి. పెట్టెలో ఎంత పడుతుందన్నది రెండో సంగతి. దాన్ని ఎంత దూరం మోయాలి, ఏ గట్టు మీద దించాలి అన్నవే మొదట అడగాల్సిన ప్రశ్నలు.

అపోహ: పెట్టె ఎంత పెద్దదైతే అంత ఉపయోగం

రెండు మూడు గంటల వేటకు కావాల్సింది ఏమిటో ఓసారి నేల మీద పరిచి చూడండి. ఓ రీలు, అదనంగా ఓ తంగూసు చుట్ట, కొక్కేల డబ్బా, సీసపు గుండ్లు, నాలుగు బెండ్లు, పట్టకారు, చిన్న కత్తి, ఎర డబ్బా, తువ్వాలు, నీళ్ల సీసా. ఇవన్నీ పదిహేను లీటర్ల చోటులో హాయిగా పడతాయి. పెట్టె అంతకంటే పెద్దదైతే ఖాళీగా ఉండదు. ఈ రోజు అక్కర్లేని రెండో రీలు, నిరుటి పాత గాలాలు, ఎప్పుడూ తీయని వల వచ్చి చేరతాయి. లీటరు నీళ్లంటేనే కిలో బరువు. సీసపు గుండ్లు చూడ్డానికి చిన్నవే గానీ పిడికెడు తీసుకుంటే చెయ్యి దిగజారుతుంది. నా లెక్కలో పెట్టె, సామాను, నీళ్లు అన్నీ కలిపి ఆరు కిలోలు దాటితే అది చిన్న వేటకు పనికొచ్చే పెట్టె కాదు.

బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడ మోపుతున్నామన్నదీ ముఖ్యం. ఆడికృత్తికకు తిరుత్తణి కొండెక్కే భక్తుల భుజాన కావడి చూడండి. బరువు రెండు వైపులా సమంగా వేలాడుతుంది కాబట్టే అంత దూరం నడవగలుగుతారు. ఒకే పట్టీతో ఒక భుజాన వేలాడే పెట్టె మనిషిని పక్కకు లాగుతుంది, దాని మూల అడుగడుక్కీ తుంటికి తగులుతుంది. రెండు భుజాలకూ తగిలించుకునే వెడల్పాటి పట్టీలున్నది తీసుకోండి, లేదా మామూలు పెట్టెకు అలాంటి పట్టీలు కుట్టించుకోండి. రెండు చేతులూ ఖాళీగా ఉంటే ఒక చేత్తో కర్ర పట్టుకోవచ్చు, రెండో చేత్తో బస్సు కమ్మీ పట్టుకోవచ్చు. చెన్నై–అరక్కోణం లోకల్ రైల్లో నిలబడి వచ్చేవాళ్లకు ఇది సౌకర్యం మాత్రమే కాదు, తలుపు దగ్గర భద్రత కూడా.

తేలిక పెట్టె కావాలనడానికి ఇక్కడ ఇంకో గట్టి కారణం ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. ఎగువన చిత్తూరు వైపు కృష్ణాపురం జలాశయం గేట్లు ఎత్తితే ఆ నీళ్లు కుశస్థలి వెంట పళ్లిపట్టు మీదుగా పూండికి వస్తాయి. పిచ్చాటూరులో నీళ్లు వదిలితే ఆరణి ఏరు ఊత్తుకోట దగ్గర పొంగుతుంది. మన తల మీద చినుకు పడకపోయినా ఏట్లో నీళ్లు పెరుగుతాయి. హెచ్చరిక ఉన్న రోజున ఏటి ఒడ్డుకు అసలు వెళ్లకూడదు. మామూలు రోజున కూడా నీటి రంగు మారినా, పుల్లా చెత్తా కొట్టుకొస్తున్నా ఒక్క నిమిషంలో లేచి గట్టెక్కగలగాలి. బరువైన పెట్టె ఉన్నవాడు సామాను సర్దుకుంటూ ఆగిపోతాడు. ఆ ఆలస్యమే ప్రమాదం.

అపోహ: కాళ్లు పెంచుకునే, తగ్గించుకునే విదేశీ పెట్టే అసలైన సీట్ బాక్స్

అది అక్కడి అవసరానికి పుట్టింది. బ్రిటన్‌లో చేపల పోటీలకు వెళ్లేవాళ్లు చీటీలో వచ్చిన చోటనే సుమారు ఐదు గంటలు కదలకుండా కూర్చోవాలి. పూర్వం అల్లిన బుట్టల మీద కూర్చునేవారు. తర్వాత ఫైబర్‌గ్లాసు పెట్టెలు, ఆ తర్వాత సొరుగులూ కాళ్లూ ఉన్న అల్యూమినియం చట్రాలు వచ్చాయి. అంత సామానును చాలామంది తోపుడు బండి మీద వేసుకుని నీటి దాకా తీసుకెళ్తారు. మనవాళ్లు చేప అందకపోతే అరగంటకోసారి చోటు మారుస్తారు. ఆ తీరుకు ఈ పెట్టె సరిపోదు.

కాళ్ల లెక్క కూడా చూద్దాం. డెబ్బై కిలోల మనిషి నాలుగు సన్నటి కాళ్ల మీద కూర్చున్నాడనుకుందాం. ఒక్కో కాలి అడుగు రెండు సెంటీమీటర్ల చదరమైతే మొత్తం బరువు పదహారు చదరపు సెంటీమీటర్ల మీద పడుతుంది. అంటే చదరపు సెంటీమీటరుకు నాలుగు కిలోలకు పైనే. అదే మనిషి ముప్పై, నలభై సెంటీమీటర్ల చదునైన అడుగున్న పెట్టె మీద కూర్చుంటే అరవై గ్రాములే. చెరువు తగ్గిన చోట మెత్తటి ఒండ్రులో కాళ్లు దిగబడతాయి, చదునైన అడుగు నిలుస్తుంది. వెడల్పాటి పాదాలు తొడిగిన కాళ్లయితే మేలే, కానీ వాటి బరువు వాటికుంటుంది. రాళ్లు పరిచిన కట్ట మీద మాత్రం చదునైన పెట్టె ఊగుతుంది. అప్పుడు సంచీలో కాస్త ఇసుకో మన్నో పోసి కింద సర్దుకుంటే చాలు.

ఒక్క చోట మాత్రం ఏ పెట్టే వద్దు. కండలేరు–పూండి కాలువ లాంటి సిమెంటు కాలువల లోపలి వాలు మీద కూర్చోకండి. నాచు పట్టిన ఆ వాలు మీద జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు, ఈత వచ్చినవాడికి కూడా పైకి రావడం కష్టం.

అపోహ: పెయింటు బకెట్ మీద కూర్చోవడం ఏదో సర్దుబాటే, పనికొచ్చే సీటు కాదు

చిన్న వేటకు మన ఊళ్లో దొరికే అతి మంచి సీటు అదేనని నా గట్టి అభిప్రాయం. ఇరవై లీటర్ల బకెట్ కిలో అటూ ఇటూ బరువు ఉంటుంది, ఎత్తు నలభై సెంటీమీటర్లకు దగ్గర, కమ్మీ ఎటూ ఉంది. రంగుల దుకాణంలోనో, మేస్త్రీల దగ్గరో సులువుగా దొరుకుతుంది. అయితే దాన్ని సీటుగా మార్చడానికి రెండు పనులు చేయాలి.

బకెట్ బలమంతా అంచులో ఉంటుంది, మూత నడుమ ఉండదు. నేరుగా కూర్చుంటే మూత లోపలికి వంగి కొన్నాళ్లకు చీలుతుంది. మూత కంటే కాస్త పెద్దదిగా పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్ గుండ్రంగా కోయించి, అది అంచు మీద ఆనేలా పెట్టి, పైన ఫోమ్, దాని మీద రెక్సిన్ వేయించండి. సీటు కుట్టే దుకాణంలో ఇది చిన్న పని. పలక జారకుండా కింద అంచుకు తగిలే నాలుగు చెక్క ముక్కలు కొట్టించండి. ఇక రెండోది నిలకడ. బకెట్ పైన వెడల్పు, కింద సన్నం. పక్కకు వంగి చేపను అందుకుంటే ఒరుగుతుంది. నీళ్ల సీసా, సీసపు గుండ్లు అడుగునే ఉంచండి.

ఈ ప్లాస్టిక్‌కు శత్రువు ఎండ. మే నెలలో తిరుత్తణిలో నలభై డిగ్రీలు దాటడం విశేషమేమీ కాదు. నెలల తరబడి మిద్దె మీద పడేసిన బకెట్ రంగు వెలిసి, పెళుసుబారి, ఒకనాడు కూర్చోగానే పగులుతుంది. గోటితో గీస్తే తెల్లటి పొడి రాలుతుంటే దాన్ని సీటుగా వాడొద్దు. పురుగుమందు, రసాయనాల డబ్బాలైతే ఎంత కడిగినా తీసుకోకండి. మనం తాగునీటి జలాశయం ఒడ్డుకు వెళ్తున్నామన్నది మరచిపోకూడదు.

అపోహ: ఐసు పెట్టె ఉంటే చాలు, చేపకూ అదే, సీటుకూ అదే

తెల్లటి థర్మోకోల్ పెట్టెలో తొంభై ఎనిమిది శాతం గాలే. చేపల మార్కెట్లో ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు బరువు సమంగా పడుతుంది కాబట్టి తట్టుకుంటుంది. మనిషి కూర్చుంటే మూల విరుగుతుంది. విరిగినప్పుడు రాలే గుండ్లు నీళ్లలో తేలుతూ పోతాయి, కరిగిపోవు. మేత అనుకుని చేపలూ పక్షులూ వాటిని మింగుతాయి. గట్టు మీదికి థర్మోకోల్ తేవడమే వద్దంటాను.

గట్టి ప్లాస్టిక్ గోడల మధ్య ఫోమ్ నింపిన పెట్టె కూర్చోవడానికి ఆగుతుంది. అక్కడ చిక్కు వేరు. మూత పైనే ఉంటుంది కాబట్టి చేప పడిన ప్రతిసారీ లేవాలి. జిలేబి గుంపు మీద ఉన్నప్పుడు నిమిషానికోసారి లేచి కూర్చుంటే మోకాళ్లు అరుగుతాయి, మూత తెరిచిన ప్రతిసారీ ఐసు కరుగుతుంది. చేప వేరు, సీటు వేరు ఉండటమే నయం. వేడి ప్రాంతాల్లో చేప బరువుకు సమానంగా ఐసు అన్నది పాత లెక్క. రెండు కిలోల చేపకు రెండు లీటర్ల నీళ్లు ముందు రాత్రి సీసాల్లో గడ్డకట్టించి మందపాటి సంచీలో పెట్టుకుంటే సరిపోతుంది. తిరిగొచ్చేటప్పుడు సీసాలోని చల్లటి నీళ్లు తాగడానికీ పనికొస్తాయి, సీసా పైభాగం కడుక్కుంటే చాలు.

అపోహ: నూటయాభై కిలోలు ఆగుతుందని రాసి ఉంటే నిశ్చింత

ఆ అంకె చదునైన నేల మీద, కదలకుండా, నడుమ కూర్చున్న బరువుకు. వాలు మీద కూర్చుని బొచ్చె చేప లాగుతుంటే బరువంతా ఒక అంచుకు వస్తుంది. ముందు ఓడిపోయేది గోడ కాదు, మూత కీలు, కొక్కెం. కొనేముందు మూత మీద కూర్చుని అటూ ఇటూ ఒరగండి. కీలు కిర్రుమంటే వదిలేయండి.

అపోహ: గొంతుక్కూర్చునే అలవాటున్న మనకు సీటు ఎత్తుతో పనేముంది

ఇరవై ఏళ్లవాడికి ఉండకపోవచ్చు. యాభై దాటినవాళ్లకు చాలా ఉంది. సీటు ఎంత కిందికి ఉంటే లేవడానికి మోకాళ్ల మీద అంత భారం పడుతుంది. అంగడిలో దొరికే పొట్టి ప్లాస్టిక్ స్టూలు మీద గంట కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కడం అందుకే. తొడలు నేలకు సమాంతరంగా, పాదాలు పూర్తిగా ఆనేలా ఉండాలి. చాలామంది పెద్దవాళ్లకు నలభై నుంచి నలభై అయిదు సెంటీమీటర్ల మధ్య కుదురుతుంది. గట్టు వాలు మీద పాదాలు పెట్టె కంటే కింద ఉంటాయి కాబట్టి అక్కడ రెండు మూడు సెంటీమీటర్లు తక్కువైనా ఫర్వాలేదు. నాన్నగారికో, మామగారికో పెట్టె కొనేవాళ్లు కొలత టేపు పట్టుకెళ్లి, ఆయన ఇంట్లో రోజూ హాయిగా కూర్చునే కుర్చీ ఎత్తుతో పోల్చి చూడండి.

అపోహ: గాలి చొరబడని మూత ఉంటే సామాను తుప్పు పట్టదు

వర్షంలో నీళ్లు దిగకుండా రబ్బరు అంచు మేలే చేస్తుంది. తడిసిన బెండు, తడి తువ్వాలు లోపల పెట్టి మూత బిగిస్తే మాత్రం ఆ తేమ బయటికి పోదు. ఎండలో పెట్టె వేడెక్కి, రాత్రి చల్లబడి, ఆ ఆవిరంతా కొక్కేల మీదే చేరుతుంది. నల్ల పెట్టె అయితే వేడి మరీ ఎక్కువ. అందుకే లేత రంగే మంచిది.

పులికాట్‌లో ఉప్పు కలిసిన నీళ్లు కాబట్టి జాగ్రత్త రెట్టింపు కావాలి. అక్కడికి వెళ్లే పెట్టెకు స్టెయిన్‌లెస్ స్టీలు కీళ్లున్నాయో లేదో చూడండి. మామూలు ఇనుప మేకులైతే ఒక్క వానాకాలానికే పట్టేస్తాయి. ఇంటికొచ్చిన వెంటనే పెట్టెను, కీళ్లను, రీలును మంచినీళ్లతో కడిగి, సామానంతా బయట పరచి, మూత తెరిచి నీడలో ఆరబెట్టండి. కొక్కేల డబ్బా పూర్తిగా ఆరాకే లోపల పెట్టాలి. మిగిలిన ఎర్రలను పెట్టెలో వదిలేయకుండా తోటలో మట్టిలో వేసేయండి.